అమెరికాలో బరువు తగ్గే మందులకి ఇన్సూరెన్స్: డాక్టర్ దగ్గరికి వెళ్ళేముందే చూసుకోవాల్సినవి

వెగోవి, జెప్‌బౌండ్ లాంటి ఇంజెక్షన్లకి మీ ఇన్సూరెన్స్ డబ్బు కడుతుందా లేదా అన్నది డాక్టర్ చేతిలో లేదు, చాలాసార్లు ఇన్సూరెన్స్ కంపెనీ చేతిలో కూడా ఉండదు. మీరు పనిచేసే కంపెనీ ఉద్యోగుల కోసం ఎలాంటి ప్లాన్ తీసుకుంది, అందులో బరువు తగ్గే మందుల్ని ఉంచిందా తీసేసిందా, అన్నదాని మీదే మొత్తం ఆధారపడి ఉంటుంది. ఇది తెలియక మనవాళ్ళు చాలామంది నేరుగా డాక్టర్ అపాయింట్‌మెంట్‌తో మొదలుపెడతారు, ప్రిస్క్రిప్షన్ వస్తుంది, ఫార్మసీకి వెళ్తే నెలకి వెయ్యి డాలర్లకి పైన చెప్తారు, అక్కడి నుంచి ఫోన్లు, ఫ్యాక్సులు, టెన్షన్. ఈ క్రమాన్ని తిరగేయండి. ముందు ప్లాన్ సంగతి తేల్చుకోండి, డాక్టర్ తర్వాత.

ఒకే ఇన్సూరెన్స్ కంపెనీ కార్డు ఇద్దరి దగ్గరా ఉంటుంది, ఒకరికి మందు ఇరవై ఐదు డాలర్లకి వస్తుంది, ఇంకొకరికి అస్సలు రాదు. ఎందుకంటే అమెరికాలో పెద్ద కంపెనీలు చాలావరకు సెల్ఫ్ ఫండెడ్ ప్లాన్లు నడుపుతాయి, అంటే ఉద్యోగుల వైద్యం ఖర్చు కంపెనీయే భరిస్తుంది, కార్డు మీద పేరున్న ఇన్సూరెన్స్ సంస్థ కాగితాల పని మాత్రం చూస్తుంది. ఏది కవర్ చేయాలో నిర్ణయించేది యజమాని. అందుకే "మా ఫ్రెండ్‌కి ఇచ్చారు కదా, నాకెందుకు ఇవ్వరు" అని ఫోన్‌లో వాదించి లాభం లేదు.

ఎలా తెలుసుకోవాలి? కార్డు మీద మందుల వ్యవహారం చూసే సంస్థ పేరు విడిగా ఉంటుంది. వాటిలో పెద్దవి మూడు, సీవీఎస్ కేర్‌మార్క్, ఎక్స్‌ప్రెస్ స్క్రిప్ట్స్, ఆప్టమ్ ఆర్ఎక్స్. ఆ సంస్థ వెబ్‌సైట్‌లో లాగిన్ అయితే మందు పేరు కొట్టి ధర, షరతులు చూడొచ్చు. అయినా ఒకసారి ఫోన్ చేయండి. చేసినప్పుడు "వెగోవి కవర్ అవుతుందా" అని అడిగితే "ప్రయర్ ఆథరైజేషన్ కావాలి" (అంటే మందు ఇచ్చేముందు ఇన్సూరెన్స్ అనుమతి) అనే అరకొర జవాబు వస్తుంది. అలా కాకుండా ఇలా అడగండి: నా ప్లాన్‌లో వెయిట్ లాస్ మందులు ఎక్స్‌క్లూజన్ (ప్లాన్ అసలు డబ్బు కట్టనివి) కింద ఉన్నాయా, లేక షరతులతో కవర్ అవుతాయా? కవర్ అయితే ఆ షరతులున్న కాగితం నాకు పంపగలరా? మాట్లాడినవారి పేరు, తేదీ, కాల్ రిఫరెన్స్ నంబర్ రాసిపెట్టుకోండి. తర్వాత ఇంకొకరు వేరే మాట చెప్పినప్పుడు ఆ నంబరే పనికొస్తుంది.

ఫోన్‌లో చెప్పిన మాట కంటే గట్టిది సమ్మరీ ప్లాన్ డిస్క్రిప్షన్ అనే పత్రం. వంద పేజీల పైన ఉండొచ్చు, ఎక్స్‌క్లూజన్స్ అన్న భాగం చదివితే చాలు. హెచ్ఆర్‌ని అడిగితే ఇస్తారు, ఎందుకు కావాలో చెప్పాల్సిన పని లేదు. కొత్తగా వచ్చినవాళ్ళకి ఇక్కడ ఒక భయం ఉంటుంది, హెచ్ఆర్‌కి తెలిస్తే ఉద్యోగానికి ఏమైనా అవుతుందేమో అని. మందు పేరు ఎత్తకుండా, ప్లాన్ పత్రం పంపమని ఒక మెయిల్ పెడితే సరిపోతుంది. అది ఉద్యోగిగా మీ హక్కు.

ఇప్పుడు షరతుల సంగతి. అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ వెగోవిని 2021 జూన్‌లో, జెప్‌బౌండ్‌ని 2023 నవంబర్‌లో బరువు కోసం ఆమోదించింది. పెద్దవాళ్ళలో బీఎంఐ (ఎత్తుకి బరువు ఎంతో చెప్పే లెక్క) 30 గానీ అంతకంటే ఎక్కువ గానీ ఉండాలి, లేదా 27 ఉండి దానితో పాటు బీపీ, కొలెస్ట్రాల్, షుగర్ లాంటి బరువుతో ముడిపడ్డ జబ్బు ఒకటైనా ఉండాలి. 170 సెంటీమీటర్ల ఎత్తున్న మనిషికి 30 అంటే దాదాపు 87 కిలోలు, ఇక్కడి లెక్కలో 191 పౌండ్లు. 27 అంటే 78 కిలోలు, 172 పౌండ్లు. చాలా ప్లాన్లు ఈ అంకెల్నే పట్టుకుంటాయి, కొన్ని ఇంకా కఠినంగా ఉంటాయి.

మనవాళ్ళకి ఇక్కడే అసలు ఇబ్బంది. దక్షిణాసియా ఒంటితీరు వేరు, తక్కువ బరువు దగ్గరే పొట్ట చుట్టూ కొవ్వు చేరి షుగర్, ఫ్యాటీ లివర్ వచ్చేస్తాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణులు 2004లోనే ఆసియావాళ్ళకి బీఎంఐ 23 నుంచే ముప్పు పెరుగుతుందని, 27.5 నుంచి బాగా ఎక్కువని చెప్పారు. అమెరికన్ డయాబెటిస్ అసోసియేషన్ కూడా ఆసియా మూలాలున్నవారికి 23 నుంచే షుగర్ పరీక్ష చేయమంటుంది. కానీ ఇన్సూరెన్స్ ఫారమ్‌లో ఈ తేడాకి సాధారణంగా చోటుండదు. ఇది అన్యాయమే. బీఎంఐ 26 ఉండి, తండ్రికి చిన్న వయసులోనే గుండెపోటు వచ్చి, తనకి ఫ్యాటీ లివర్ ఉన్న మనిషికి ఆ ఫారమ్ దృష్టిలో ఏ సమస్యా లేదు. అలాంటివాళ్ళు బరువు మందు గురించి ఆలోచించేముందు పరీక్షలు పూర్తిగా చేయించుకోవాలి, ఎందుకంటే దారి అక్కడి నుంచి దొరకొచ్చు.

ఎలాగంటే, ఇవే మందులు వేరే జబ్బులకీ ఆమోదం పొందాయి. వెగోవిలో ఉన్న సెమాగ్లుటైడే ఒజెంపిక్ పేరుతో టైప్ 2 షుగర్‌కి ఇస్తారు, జెప్‌బౌండ్‌లోని టిర్జెపటైడే మౌంజారో. ఇప్పటికే గుండెజబ్బు ఉండి బరువు ఎక్కువున్నవారికి గుండెపోటు, పక్షవాతం ముప్పు తగ్గించడానికి వెగోవి వాడొచ్చని 2024 మార్చిలో ఎఫ్‌డీఏ ఒప్పుకుంది. స్థూలకాయంతో పాటు ఓ మోస్తరు నుంచి తీవ్రమైన స్లీప్ ఆప్నియా (నిద్రలో ఊపిరి ఆగి ఆగి రావడం) ఉంటే జెప్‌బౌండ్‌కి 2024 డిసెంబర్‌లో ఆమోదం వచ్చింది. బరువు తగ్గే మందుల్ని పూర్తిగా తీసేసిన ప్లాన్లలో కూడా కొన్ని వీటికి ఒప్పుకుంటాయి. రాత్రుళ్ళు గట్టిగా గురక, పగలంతా నిద్రమత్తు ఉంటే స్లీప్ స్టడీ అడగండి, ఇంటికి పంపే చిన్న పరికరంతో కూడా చేస్తారు. ఏ1సీ పరీక్ష (గత రెండు మూడు నెలల సగటు షుగర్ చెప్పేది) చేయించుకోండి, 6.5 గానీ అంతకంటే ఎక్కువ గానీ ఉంటే అది షుగరే. 5.7 నుంచి 6.4 మధ్య ఉంటే ప్రీడయాబెటిస్, దానికి ఒజెంపిక్ రావడం కష్టం. లేని జబ్బు ఉన్నట్టు రాయమని డాక్టర్‌ని మాత్రం అడగొద్దు. ల్యాబ్ రిపోర్టు జత చేయమంటారు, అబద్ధం దొరికిపోతే మీకూ డాక్టర్‌కీ ఇద్దరికీ చిక్కే.

కొత్తగా వచ్చినవారికి ఉండే పెద్ద లోటు ఏంటంటే ఇక్కడి ఫైల్‌లో మీ చరిత్ర ఏమీ ఉండదు. పదేళ్ళుగా బీపీ మాత్ర వేసుకుంటూ ఉండొచ్చు, డైటీషియన్ దగ్గరికి వెళ్ళి ఉండొచ్చు, కానీ ఇన్సూరెన్స్‌కి అవేవీ కనిపించవు, వాళ్ళకి కనిపించేది చార్ట్‌లో ఉన్నది మాత్రమే. చాలా ప్లాన్లు గత మూడు నుంచి ఆరు నెలలు ఆహారం, వ్యాయామంతో ప్రయత్నించినట్టు రుజువు అడుగుతాయి. అందుకే వచ్చిన మొదటి నెలల్లోనే ఒక ప్రైమరీ కేర్ డాక్టర్‌ని పెట్టుకుని, మొదటి విజిట్‌లోనే బరువు గురించి మాట్లాడి, అది నోట్స్‌లో రాయమని అడగండి. ఇండియా నుంచి తెచ్చుకున్న రిపోర్టులు, మందుల చీటీలు స్కాన్ చేసి పేషెంట్ పోర్టల్‌లో పెట్టండి. ఇండియాలోనే ఈ ఇంజెక్షన్ మొదలుపెట్టినవాళ్ళయితే, మొదలుపెట్టకముందు బరువు ఎంత ఉందో చూపే కాగితం తప్పనిసరిగా తెచ్చుకోండి. ఇప్పటికే తగ్గిపోయి బీఎంఐ 26కి వచ్చి ఉంటే, ఆ పాత అంకె లేకుండా ఇక్కడ మొదటి మెట్టులోనే ఆగిపోతారు.

డాక్టర్ దగ్గర సిగ్గుపడకండి. మన ఇళ్ళలో బరువు గురించి మాట వస్తే "అన్నం తగ్గించు, పొద్దున్నే నడువు" అనడమే తప్ప దాన్ని జబ్బుగా చూడరు, ఆ మాటలు విని విని మనమే డాక్టర్ ముందు "అంతగా ఏం లేదండీ" అనేస్తాం. మోకాళ్ళ నొప్పి, మెట్లెక్కితే ఆయాసం, పీసీఓఎస్, ఇంట్లో ఎవరికి షుగర్ ఉంది, ఎన్నిసార్లు తగ్గి మళ్ళీ పెరిగారు, అన్నీ చెప్పండి. చెప్పనిది చార్ట్‌లోకి రాదు.

ప్రయర్ ఆథరైజేషన్ మీరు పంపేది కాదు, డాక్టర్ ఆఫీసు పంపాలి. అక్కడ ఈ పని చూసే మనిషి ఒకరుంటారు, వాళ్ళ పేరు తెలుసుకోండి, మర్యాదగా మాట్లాడండి, రోజూ ఇలాంటివి గుట్టలుగా చూస్తుంటారు పాపం. ప్లాన్ షరతుల కాగితం తీసుకుని, ఒక్కో షరతు పక్కన మీ వివరం రాసి, ఒక పేజీలో వాళ్ళకి పంపండి: ఎత్తు, బరువు కొలిచిన తేదీ, బీపీ మాత్ర పేరు, ఏ1సీ, ఆహారం మార్చడం ఎప్పుడు మొదలుపెట్టారు. కొన్ని డినయల్స్ (తిరస్కరణలు) జబ్బు లేక రావు, ఫారమ్‌లో ఒక గడి ఖాళీగా వదిలేయడం వల్ల వస్తాయి.

డినయల్ లెటర్ వస్తే మొదటి వాక్యం దగ్గరే కుంగిపోకుండా కారణం చదవండి. వైద్యపరంగా అవసరం రుజువు కాలేదు అని ఉంటే పోరాడొచ్చు. అప్పీల్‌కి 180 రోజుల గడువు ఉంటుంది, మందు ఇంకా మొదలుపెట్టకపోతే వాళ్ళు 30 రోజుల్లో జవాబివ్వాలి. మీ ఫైల్, వాళ్ళు వాడిన నియమాలు ఉచితంగా ఇవ్వమని రాతపూర్వకంగా అడగొచ్చు. డాక్టర్ నేరుగా ఇన్సూరెన్స్ డాక్టర్‌తో మాట్లాడే పీర్ టు పీర్ కాల్ కూడా అడగండి, ఒక్కోసారి పది నిమిషాల్లో తేలిపోతుంది. లోపలి అప్పీళ్ళు అయిపోయాక కూడా కాదంటే, నాలుగు నెలల్లోపు ఎక్స్‌టర్నల్ రివ్యూ అడగొచ్చు. అది బయటి సంస్థ చూస్తుంది, మామూలుగా 45 రోజుల్లో తేల్చాలి, మీకు అనుకూలంగా వస్తే ఇన్సూరెన్స్ ఒప్పుకుని తీరాలి. చాలామంది మొదటి డినయల్‌తోనే ఊరుకుంటారు, దయచేసి ఊరుకోకండి.

కారణం ప్లాన్ ఎక్స్‌క్లూజన్ అని ఉంటే మాత్రం అప్పీల్ మీద నెలలు పోగొట్టుకోకండి. ఎంత మంచి ఉత్తరం రాసినా ప్లాన్‌లో లేనిది రాదు. అప్పుడు చూడాల్సింది ఇంకో ప్లాన్. భార్యాభర్తలిద్దరూ పనిచేస్తుంటే ఇద్దరి ప్లాన్లూ పక్కపక్కన పెట్టి చూడండి, మందు ఏ ప్లాన్‌లో వస్తే కావాల్సినవారు అందులోకి మారొచ్చు. కంపెనీల ఓపెన్ ఎన్‌రోల్‌మెంట్ (ఏటా ప్లాన్ మార్చుకునే సమయం) ఎక్కువగా అక్టోబర్, నవంబర్లలో వస్తుంది. కొత్త ఉద్యోగంలో చేరినప్పుడు ప్లాన్ ఎంచుకోవడానికి తరచుగా 30 రోజులే ఇస్తారు, ఆ హడావిడిలో ప్రీమియం తక్కువుందని ఏదో ఒకటి నొక్కేస్తే ఏడాదంతా దానితోనే ఉండాలి. మందుల కవరేజ్‌ని మార్చమని హెచ్ఆర్‌కి రాయడం కూడా వృథా కాదు, కొందరు యజమానులు ఉద్యోగులు అడగడం వల్ల వచ్చే ఏడాదికి చేరుస్తారు.

ఆమోదం వచ్చాక కూడా ఖర్చు లెక్క వేసుకోండి. హై డిడక్టిబుల్ ప్లాన్ అయితే డిడక్టిబుల్ (ఇన్సూరెన్స్ కట్టడం మొదలయ్యేలోపు ఏటా మీరే పెట్టుకోవాల్సిన మొత్తం) నిండేదాకా పూర్తి ధర మీదే, జనవరి బిల్లు చూసి చాలామంది అదిరిపోతారు. హెచ్ఎస్ఏ (వైద్యం ఖర్చుకి పన్ను లేకుండా దాచుకునే ఖాతా) డబ్బు దీనికి వాడొచ్చు. ప్రైవేట్ ఇన్సూరెన్స్ ఉన్నవారికి తయారీ కంపెనీలు సేవింగ్స్ కార్డు ఇస్తాయి, ప్రభుత్వ ఇన్సూరెన్సులైన మెడికేర్, మెడికెయిడ్ ఉన్నవారికి అది చెల్లదు. ఇన్సూరెన్స్ అస్సలు రాకపోతే తయారీ కంపెనీలు సొంతంగా నడిపే లిల్లీ డైరెక్ట్, నోవోకేర్‌లలో నగదుకి కొంటే లిస్టు ధర కంటే బాగా తక్కువ పడుతుంది. వెగోవి మాత్ర రూపంలో కూడా 2025 డిసెంబర్‌లో ఆమోదం పొందింది, దాని ధర కూడా చూడండి. చౌకగా వస్తుందని ఆన్‌లైన్‌లో ఎవరో కలిపి అమ్మే పొడులు, సీసాలు మాత్రం వద్దు, వాటికి ఎఫ్‌డీఏ ఆమోదం లేదు.

ఆమోదం ఎప్పటికీ ఉండేది కాదు. కొన్ని నెలలకి మళ్ళీ అడుగుతారు, మొదటి బరువులో కనీసం 5 శాతం తగ్గారా అని చాలా ప్లాన్లు చూస్తాయి, కాబట్టి క్లినిక్‌లో తూకం తప్పకుండా నమోదు చేయించుకోండి. ప్లాన్లు కూడా మారుతుంటాయి, 2025 జూలై 1న సీవీఎస్ కేర్‌మార్క్ తన సాధారణ జాబితాల్లోంచి జెప్‌బౌండ్‌ని తీసేసి వెగోవిని ఉంచింది, బాగా పనిచేస్తున్న మందు మార్చుకోవాల్సి వచ్చినవాళ్ళు ఎందరో. మందు ఆపేస్తే తగ్గిన బరువులో చాలావరకు ఏడాదిలో తిరిగి వస్తుందని పరిశోధనల్లో తేలింది. అందుకే ఇది రెండు నెలల కోర్సు అనుకుని మొదలుపెట్టొద్దు. పిల్లల కోసం చూస్తున్న ఆడవాళ్ళు ముందే డాక్టర్‌తో మాట్లాడాలి, సెమాగ్లుటైడ్ అయితే గర్భానికి కనీసం రెండు నెలల ముందు ఆపాలి.

యూనివర్సిటీ ప్లాన్‌లో ఉన్న స్టూడెంట్లు ఆ ప్లాన్ మందుల జాబితా చూసుకోండి, ఆశ తక్కువే పెట్టుకోండి. అమ్మానాన్నలకి తీసుకునే విజిటర్ ఇన్సూరెన్స్ ఇలాంటి మందులకి పనికిరాదు, వాళ్ళు వాడుతుంటే ఉండబోయే నెలలకి ఏం చేయాలో బయల్దేరకముందే అక్కడి డాక్టర్‌ని అడిగి రమ్మనండి. ఇక ఉద్యోగం మారుతున్నవాళ్ళు, హెచ్1 ట్రాన్స్‌ఫర్ హడావిడిలో ఇది గుర్తుండదు కానీ, పాత ఇన్సూరెన్స్ పోయేలోపు ఒక రీఫిల్ తీసుకోండి, పాత ఆమోదపు ఉత్తరం, మొదటి రోజు బరువు, ఇప్పటి డోసు ఉన్న ఫార్మసీ లేబుల్ ఒకచోట పెట్టుకోండి. కొత్త ప్లాన్ మళ్ళీ మొదటి నుంచి అన్నీ అడుగుతుంది. ఈలోపు కొన్ని వారాల డోసులు తప్పితే పాత డోసుతో మొదలుపెట్టకుండా డాక్టర్‌ని అడగండి, మళ్ళీ కింది డోసు నుంచి రమ్మంటారేమో.