బేబీ కాట్ ఇంట్లోనే చేయడం ఎలా? చువ్వల లెక్క తప్పకుండా

ఇప్పటికి నాలుగు కాట్లు చేశాను. మొదటిది మా పెద్దాడికి, చివరిది మొన్న మా తమ్ముడి కూతురికి. మధ్యలో తెలిసినవాళ్లు సొంతంగా చేసి "ఓసారి చూడన్నా" అని పిలిచినవి కూడా చాలానే చూశాను. వాటిలో సగానికి పైగా ఒకటే తప్పు. దాని సంగతి కిందకొచ్చాక చెప్తా.

ముందు ఒక మాట. ఉయ్యాల చేయకండి. బారసాలకి అద్దె ఉయ్యాల చాలు. మన దగ్గర తొలికాన్పు పుట్టింట్లోనే కదా, తల్లీబిడ్డా మీ ఇంటికొచ్చేది మూడో నెలలోనో ఐదో నెలలోనో. ఇంకొన్నాళ్లకే పిల్ల బోర్లాపడి, అంచు పట్టుకుని లేవాలని చూస్తుంది. మీరు నెలల తరబడి చేసిన ఉయ్యాల నాలుగు వారాల్లో అటకెక్కుతుంది. కాట్ అయితే రెండేళ్లు వాడుకోవచ్చు.

వాళ్లు పుట్టింట్లో ఉన్న ఆ రోజులే మీ పనికి అదను. "ఆలు లేదు చూలు లేదన్నట్టు అప్పుడే మంచమా?" అని మా అత్తగారు ఫోన్‌లో కోప్పడ్డారు. ఆలూ ఉంది, చూలూ ఉంది, నాకు లేనిది టైమే. అయినా పెద్దావిడ మాట కాదనలేక కర్ర కొని పక్కన పెట్టి, బారసాల అయ్యాకే రంపం పట్టాను. బిడ్డ ఇప్పటికే ఇంట్లో ఉంటే కోత, డ్రిల్లింగ్ ఆదివారం పగలు వేరేచోట కానిచ్చేయండి. సాండ్ పేపర్ పని ఆఫీసు నుంచి వచ్చాక రాత్రి అరగంట చొప్పున, బాల్కనీలో, తలుపు వేసి. ఆ చొక్కాతోనే పిల్లని ఎత్తుకోవద్దు.

సామాను

డ్రిల్, 20 మి.మీ. బిట్, మూలమట్టం, క్లాంపులు నాలుగు, ఫెవికాల్, సాండ్ పేపర్. కర్ర టేకే. బాగా ఆరినది కావాలి. పచ్చి కర్ర మే నెల ఎండకి కుంచించుకుపోయి చువ్వలు లొడలొడలాడతాయి. పాత ఇళ్ల కలప బాగా ఆరి ఉంటుంది కానీ, రంగు వేసినది మాత్రం తీసుకోకండి. ఇళ్ల రంగుల్లో సీసం 90 పీపీఎం (పది లక్షల భాగాల్లో 90) దాటకూడదన్న నిబంధన మన దేశంలో అమల్లోకి వచ్చింది 2017లోనే. పాత తలుపు మీద ఏముందో ఎవరికి తెలుసు?

పరుపు ముందు కొనండి, మంచం తర్వాత కొలవండి. నేను 48 × 24 అంగుళాల పరుపే వాడతాను. కర్రలు టింబర్ డిపోలోనే కొలతకి కోయించి, చిత్రిక పట్టించుకోండి. ఆ కాస్త డబ్బుకి చూసుకుంటే రెండు ఆదివారాలు పోతాయి.

చువ్వలు: ఇక్కడే అందరూ పప్పులో కాలేసేది

రెండు చువ్వల మధ్య సందు 60 మి.మీ. దాటకూడదు. దాటితే పిల్ల ఒళ్లు జారి బయటికొస్తుంది, తల ఇరుక్కుంటుంది. దీనికి సర్దుబాటు లేదు.

రెండు కోళ్ల (మూలల్లో నిలబెట్టే కాళ్ల) మధ్య దూరం పరుపు పొడవే, 48 అంగుళాలు. అంటే సుమారు 1220 మి.మీ. 20 మి.మీ. లావు గుండ్రటి చువ్వలు 15 పెడితే, కర్రకే 300 పోతుంది. మిగిలేది 920. ఇప్పుడు అందరూ 920ని 15తో భాగిస్తారు. తప్పు. చువ్వలు 15 అయితే సందులు 16. పదహారుతో భాగిస్తే 57.5 వస్తుంది, క్షేమం. పదిహేనుతో భాగిస్తే 61.3. హద్దు దాటిపోవడమే కాదు, చివరి చువ్వ వెళ్లి కోడుకి అతుక్కుంటుంది. అది చూసి "ఎక్కడో టేపు జారింది" అనుకుంటారు.

ఇక గుర్తులు, చువ్వలు గుచ్చే పొడవు కర్ర అంటే కమ్మీ మీద. మొదటి బెజ్జం మధ్య బిందువు కోడు నుంచి 67.5 మి.మీ. దగ్గర. అక్కడి నుంచి ప్రతి 77.5కి ఒకటి. ఒక గుర్తు నుంచి ఇంకో గుర్తుకి టేపు జరుపుకుంటూ పోవద్దు. ఒక్కోసారి ఒక్క మిల్లీమీటర్ తేడా వచ్చినా చివరికి 14 మి.మీ. అవుతుంది. టేపు సున్నా దగ్గరే కదలకుండా పెట్టి, అంకెలన్నీ ముందే కాగితం మీద రాసుకుని గుర్తులు పెట్టండి. 67.5, 145, 222.5, 300... చివరిది 1152.5 రావాలి. రాకపోతే డ్రిల్ ముట్టుకోకండి. నిద్రలేని రాత్రి తర్వాత ఈ పని అసలే వద్దు. మా రెండోవాడి కాట్‌కి అలాగే చేసి ఒక కమ్మీ మొత్తం పారేశాను.

పై కమ్మీ, కింది కమ్మీ పక్కపక్కన క్లాంపు చేసి, మూలమట్టం ఆనించి రెంటి మీదా ఒకేసారి గీత గీయండి. విడివిడిగా కొలిస్తే చువ్వలు వంకరగా నిలబడతాయి. బెజ్జం లోతు 15 మి.మీ., బిట్‌కి టేపు చుట్టి గుర్తు పెట్టుకోండి.

బిగించాక పరీక్ష. కూల్‌డ్రింక్ క్యాన్ దూరకపోతే చాలంటారు. నమ్మకండి. పాత లావు క్యాన్ 66 మి.మీ., సన్న క్యాన్లు వేరే. 60 మి.మీ. చెక్క ముక్క ఒకటి కోసుకుని ప్రతి సందులో గట్టిగా తోయండి. చేత్తో చువ్వలు విడదీసినా దూరకూడదు.

మిగతాది

కోళ్లకి కమ్మీలు బోల్టులతో బిగించండి, స్క్రూలు వద్దు. ఇల్లు మారిన ప్రతిసారీ విప్పితే స్క్రూ బెజ్జం వదులైపోతుంది. కోళ్లు పై కమ్మీకి సమానంగా ఉండాలి, పైకి పొడుచుకొస్తే బట్ట తగులుకుంటుంది. అడ్డ కమ్మీలు అందం కోసం పెట్టకండి, పిల్లలకి అవి మెట్లు. పరుపు చుట్టూ రెండు వేళ్లు పట్టేంత ఖాళీ ఉంటే ఎక్కువే.

పైన లక్క పాలిష్. పళ్లొచ్చేటప్పుడు పై కమ్మీని ఎలుకలా కొరుకుతారు. ఏటికొప్పాక బొమ్మలకి పూసేది లక్కే, తరతరాలుగా పిల్లలు నోట్లో పెట్టుకున్నవే. పూశాక వాసన పూర్తిగా పోయేదాకా గాలికి వదిలేయండి.

బోల్టులు నెలకోసారి బిగించాలి. వాటిని బిగించే అలెన్ కీ ఎక్కడో పెట్టి మర్చిపోతారు, అడుగు పట్టీ కింద, పిల్ల చెయ్యి అందని చోట టేపుతో అంటించేయండి.