రాత్రి దుస్తులతో గడప దాటవలసి వచ్చినప్పుడు

పాల ప్యాకెట్టు కోసమో, చెత్త బండి వచ్చిందనో నైటీతోనో పైజామాతోనో వీధిలోకి రావడం ఇప్పుడు మన పట్టణాల్లో వింత కాదు. అయితే ఎంత దూరం వరకు అలా వెళ్లవచ్చో ముందే నిర్ణయించుకోవాలి. వీధి చివరి దుకాణం వరకు సాధారణంగా ఎవరూ అభ్యంతరం చెప్పరు. బ్యాంకుకు వెళ్లేటప్పుడు మాత్రం మార్చుకోవడమే మేలు.

గుడ్డ ఎంపిక ముఖ్యం. ఎండకు ఎదురుగా నిలబడితే ఒళ్లు కనిపించే పలుచని గుడ్డను పడకగదికే పరిమితం చేసి, బయటకు ముదురు రంగు కాటన్‌ను, వీలైతే జేబు ఉన్నదాన్ని ఎంచుకోవాలి. నైటీ మీద చున్నీ గాని తువ్వాలు గాని కప్పుకోవడం మన వీధుల్లో స్థిరపడిన పద్ధతి. అది ఒంటిని కప్పడానికన్నా ఇరుగుపొరుగు నోళ్లను మూయించడానికే ఎక్కువగా ఉపయోగపడుతుందని నా అభిప్రాయం.

ఊరి కట్టుబాటును కూడా తెలుసుకోవాలి. 2018లో పశ్చిమ గోదావరి జిల్లా తోకలపల్లిలో, పగటిపూట నైటీతో బయటకు వచ్చిన ఆడవారికి 2,000 రూపాయల జరిమానా విధిస్తామని పెద్దలు ప్రకటించారు. లుంగీతో అరుగు మీద కూర్చునే మగవారిని ఇలా ఎవరు అడుగుతారు?

ఆలయాల సంగతి వేరు. తిరుమలలో ఆర్జిత సేవలకు వెళ్లే పురుషులు ధోవతి గాని కుర్తా పైజామా గాని ధరించాలి. స్త్రీలు చీర, లంగా ఓణీ, లేదా చున్నీతో కూడిన చుడీదార్ ధరించాలి. అంటే అక్కడ పైజామాకు అభ్యంతరం లేదు, దాని పైన వేసుకునే టీషర్టును మాత్రం బసలోనే విడిచి కుర్తా తొడుక్కోవాలి.