కలివికోడి ఇంకా ఉందా అని వెతకాలంటే

ముందే చెప్తున్నా, కలివికోడిని (ఇంగ్లీషులో జెర్డాన్స్ కోర్సర్, రాత్రిపూట తిరిగే అరుదైన నేలపిట్ట) కళ్లారా చూద్దామని బయల్దేరితే ఉత్త చేతులతోనే వస్తారు, దీన్ని చెవులతో వెతకాలి, లేదంటే కాలిగుర్తులతో. 1900 తర్వాత ఎవరికీ కనబడక ఇక లేదనుకున్న పిట్ట 1986లో కడప జిల్లాలో దొరికిందంటే అది ఊళ్లో పిట్టలు పట్టేవాళ్ల పుణ్యమే, అందుకే ముందు మేకల కాపరులతో కూర్చుని మాట్లాడండి.

ఈ పిట్ట ఉంటుందనే కడప జిల్లా లంకమల అభయారణ్యంలోకి ఫారెస్ట్ వాళ్ల పర్మిషన్ లేకుండా వెళ్లొద్దు. అర్ధరాత్రి టార్చ్ లైట్లతో తిరిగితే ఎర్రచందనం దొంగలనుకుంటారు, అందులో వాళ్ల తప్పేం లేదు.

చోటు ఎంచుకోవడమే అసలు పని. మరీ దట్టంగా కంప ఉంటే ఉండదు, మరీ బోడి నేలా పనికిరాదు, రెండు మీటర్లు దాటిన పొదలు హెక్టారుకి 300 నుంచి 700 వరకు ఉండి మధ్యమధ్యలో ఖాళీ నేల కనిపించే చిట్టడవి చూసుకోండి. పొద్దుగూకిన ముప్పావు గంటకి కూత మొదలవుతుంది, అప్పటినుంచి గంట దాటేదాకా కదలకుండా కూర్చోండి. రెండు ముక్కల కూత, క్విక్-కూ, క్విక్-కూ అని వరసగా కొన్ని నిమిషాలు కూసి ఆపేస్తుంది, ఫోన్‌లో రికార్డింగ్ ఆన్ చేసి ఉంచండి. కూత ప్లే చేసి పిలవడం మాత్రం వద్దు, ఉన్నదే గుప్పెడు పిట్టలు, వాటిని బెదరగొట్టి ఏం సాధిస్తాం.

కూత వినపడకపోతే మట్టి పట్టీలు వేయండి. పొదల మధ్య ఖాళీల్లో మెత్తటి మట్టి జల్లెడ పట్టి, ఒక ఐదు మీటర్ల పొడవున పలచగా పరిచి చదును చేయాలి, సాయంత్రం వేసి తెల్లారగానే ఎండ ఏటవాలుగా పడేటప్పుడు చూడాలి, అప్పుడైతే గుర్తుల అంచులు నీడతో బాగా తేలతాయి. కలివికోడికి వెనక వేలు ఉండదు, ముందుకి మూడే. కానీ స్టోన్ కర్లూ అనే ఇంకో నేలపిట్టకీ మూడే వేళ్లు, అది సైజులో పెద్దది కాబట్టి పక్కన స్కేల్ పెట్టకుండా తీసిన ఫొటో ఎందుకూ పనికిరాదు.

ఏదైనా దొరికితే రికార్డింగో ఫొటోనో, తేదీ, టైమ్, లొకేషన్ కలిపి ఫారెస్ట్ ఆఫీసుకి, బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీకి పంపండి. లొకేషన్ వాట్సాప్ గ్రూపుల్లో పెట్టారంటే వారం తిరిగేసరికి కెమెరాల జాతరే.