ప్రెజెంట్ పర్ఫెక్ట్ వాక్యం తడబడకుండా చెప్పడం ఎలా?

"నిన్న తిన్నాను", "ఇప్పుడే తిన్నాను". తెలుగులో రెంటికీ క్రియ ఒక్కటే. ఇంగ్లీషులో మాత్రం మొదటిది "ఐ ఏట్ యెస్టర్‌డే" (సింపుల్ పాస్ట్), రెండోది "ఐ హ్యావ్ జస్ట్ ఈటెన్" (ప్రెజెంట్ పర్ఫెక్ట్). కాబట్టి ఏ టెన్స్ వాడాలో తేలనప్పుడు క్రియను కాదు, దాని ముందున్న కాలం మాటను చూడండి.

ముప్ఫై చిన్న అట్టముక్కలు, ఒక పెన్ను, రోజుకు పావుగంట చాలు.

1. ముందు తెలుగులోనే విడదీయండి

ఆ రోజు, అంతకుముందు జరిగినవాటి మీద పది తెలుగు వాక్యాలు రాసి, కాలం మాట కింద గీత గీయండి. నిన్న, మొన్న, కిందటేడు, 2019లో లాంటివి ఉంటే సింపుల్ పాస్ట్. ఇప్పుడే, అప్పుడే ("ఆల్రెడీ" అనే అర్థంలో), ఇంకా, ఇంతవరకు, ఎప్పుడైనా ఉంటే ప్రెజెంట్ పర్ఫెక్ట్. "ఎప్పుడు వచ్చావు?" అని అడిగితే సింపుల్ పాస్టే: "వెన్ డిడ్ యు కమ్?" ఇక్కడ "హ్యావ్" పెట్టకూడదు.

కాలం మాటే లేకపోతే? ఫలితం ఇంకా మిగిలి ఉందా అని చూడండి. తాళంచెవి పోయింది, ఇంకా దొరకలేదు: "ఐ హ్యావ్ లాస్ట్ మై కీ". అమెరికాలో "ఐ జస్ట్ ఏట్" అనడం మామూలే, అక్కడ అది తప్పు కాదు. పరీక్షకు చదివేవాళ్ళు మాత్రం "హ్యావ్" వదలకపోవడం మంచిది.

2. ముక్కలు జరపండి

"మా అమ్మ ఇప్పుడే బజారు నుంచి కూరగాయలు తెచ్చింది." దీన్ని ఐదు అట్టముక్కల మీద రాసి వరసగా పెట్టండి. చివరనున్న "తెచ్చింది"ని తీసి "మా అమ్మ" పక్కకు తెండి. ఇంగ్లీషులో అది రెండుగా విడిపోతుంది: హ్యాజ్, బ్రాట్. ఆ రెంటి మధ్య "జస్ట్" పెట్టండి. తర్వాత కూరగాయలు, చివర బజారు. తెలుగులో బజారు వెనక ఉన్న "నుంచి" ఇంగ్లీషులో ముందుకొస్తుంది: "మై మదర్ హ్యాజ్ జస్ట్ బ్రాట్ వెజిటబుల్స్ ఫ్రమ్ ద మార్కెట్".

జస్ట్, ఆల్రెడీ, ఎవర్, నెవర్‌ల చోటు మామూలుగా ఆ మధ్యలోనే. "యెట్" మాత్రం చివర: "ఐ హ్యావెంట్ ఈటెన్ యెట్".

మనవాళ్ళు ఎక్కువగా తప్పేది ప్రశ్న దగ్గర. తెలుగులో ప్రశ్న వేసినా కర్త కదలదు, అందుకే నోటికి "వేర్ యు హ్యావ్ కెప్ట్ మై బుక్?" అని వచ్చేస్తుంది. "హ్యావ్", "యు" ముక్కలను చేత్తోనే అటూ ఇటూ మార్చి, "వేర్ హ్యావ్ యు కెప్ట్" అని పైకి అనండి. ఇలా రోజుకు పది ప్రశ్నలు. చేతులు కదలకుండా మనసులో అనుకుంటే అలవాటు పడదు.

3. "నుంచి" దగ్గర ఆగండి

"ఐదేళ్ళ నుంచి ఇక్కడ పనిచేస్తున్నాను" అనాలనుకుని "ఐ యామ్ వర్కింగ్ హియర్ సిన్స్ ఫైవ్ ఇయర్స్" అంటారు. ఇందులో రెండు తప్పులున్నాయి. మన "నుంచి" మొదలైన రోజుకూ, గడిచిన కాలానికీ సరిపోతుంది. ఇంగ్లీషులో మొదలుకు "సిన్స్" (సిన్స్ 2020, సిన్స్ మండే), గడిచిన కాలానికి "ఫర్". "పనిచేస్తున్నాను" చూసి "యామ్" పెట్టడం రెండో తప్పు. సరైనది: "ఐ హ్యావ్ బీన్ వర్కింగ్ హియర్ ఫర్ ఫైవ్ ఇయర్స్".

4. వెళ్ళాడా, వెళ్ళొచ్చాడా?

ఇక్కడ తెలుగే మనకు సాయం. తిరుపతి వెళ్ళాడు, ఇంకా రాలేదు: "హి హ్యాజ్ గాన్ టు తిరుపతి". వెళ్ళొచ్చాడు: "హి హ్యాజ్ బీన్ టు తిరుపతి".

5. క్రియల మూడో రూపం

హ్యావ్, హ్యాజ్ తర్వాత వచ్చేది ఈ రూపమే (ఈట్, ఏట్, ఈటెన్‌లలో చివరిది). వీటిని అక్షరక్రమంలో బట్టీ పట్టకండి, పోలికను బట్టి గుంపులు చేయండి. కట్, పుట్, హిట్ మారవు. బ్రింగ్, బై, థింక్‌లు బ్రాట్, బాట్, థాట్ అవుతాయి. టేక్, రైట్, ఈట్‌లు టేకెన్, రిటెన్, ఈటెన్ అవుతాయి. రోజుకు ఐదు చాలు, ఒక్కోదాంతో ఒక్కో వాక్యం పైకి చెప్పాలి. "ఐ హ్యావ్ వెంట్", "ఐ హ్యావ్ సా" అని నోరు జారేది ఈ రూపం గట్టిపడకపోవడం వల్లే.

వినేటప్పుడు ఇంకో చిక్కుంది. మాట్లాడేవాళ్ళు "హి ఈజ్", "హి హ్యాజ్" రెంటినీ "హీజ్" అనే పలుకుతారు. తర్వాతి మాట పట్టుకోండి: "హీజ్ ఈటింగ్" అంటే తింటున్నాడు, "హీజ్ ఈటెన్" అంటే తినేశాడు.