ఈస్టర్ సెలవులకు జర్మన్ ఇంటికి వెళ్లే ముందు

గుడ్ ఫ్రైడే నుంచి ఈస్టర్ సోమవారం దాకా నాలుగు రోజులు. సంచి సర్దుకునే ముందు ఇవి చూసుకోండి.

• కొనవలసినవి గురువారానికే కొనేయండి. శుక్ర, ఆది, సోమవారాల్లో సూపర్ మార్కెట్లు మూసి ఉంటాయి. శనివారం తెరుస్తారు కానీ రద్దీ మన భోగి ముందునాటి బజారే! తలనొప్పి మాత్రలు మరచిపోవద్దు. అక్కడ పారాసెటమాల్ మందుల షాపులో తప్ప దొరకదు.

• డాయిచ్‌లాండ్ టికెట్ (లోకల్, ప్రాంతీయ రైళ్లు, బస్సులకు పనికొచ్చే నెలవారీ పాసు) దూరప్రయాణాల ఐసీఈ ఎక్స్‌ప్రెస్ రైళ్లలో చెల్లదు. రైలు ఆలస్యమైతే ఇంటివాళ్లకు వెంటనే సందేశం పంపండి.

• మాంసం తినకపోతే ముందే చెప్పండి. భోజనాల దగ్గర మొహమాటం అసలు పనికిరాదు. మొదటి రాత్రి బంగాళాదుంపల గిన్నె నా ముందుకు వచ్చింది. మర్యాదకు ఒకసారి వద్దన్నాను. మన ఇళ్లలోలా రెండోసారి బతిమాలతారని చూస్తూ కూర్చుంటే, గిన్నె నిదానంగా బల్ల అవతలికి వెళ్లిపోయింది. ఆ రాత్రి సంచిలోని మురుకులే దిక్కయ్యాయి. వద్దంటే వద్దనే వాళ్ల లెక్క.

• ఇంట్లో తొడుక్కునే చెప్పులు, ఇంటివాళ్లకు ఒక పూలగుత్తి తీసుకెళ్లండి. పూలకు చుట్టిన కాగితం ఇచ్చే ముందే విప్పేయండి.

• ఆదివారం, పండుగ రోజుల్లో చప్పుడు వద్దు. ఖాళీ సీసాలను వీధి డబ్బాలో వేయడం కూడా ఆపాలి.

• ఉత్తర జర్మనీ అయితే పాత కోటు ఒకటి పెట్టుకోండి. శనివారం రాత్రి వేసే ఈస్టర్ మంటల పొగ వాసన ఒక పట్టాన వదలదు.