ఐవీఎఫ్‌కు ముందు మూడు నెలలు: ఇద్దరి కంచాలనూ ఎలా సరిచేసుకోవాలి?

ఐవీఎఫ్ (అండాన్నీ వీర్యకణాన్నీ శరీరం బయట కలిపి, ఏర్పడిన పిండాన్ని గర్భాశయంలో పెట్టే చికిత్స) కోసం దంపతులు సంతాన సాఫల్య కేంద్రానికి వెళ్లొచ్చారని తెలిసిన రోజు నుంచే ఇంట్లో సలహాలు మొదలవుతాయి. బొప్పాయి ముట్టొద్దని ఒకరు, నువ్వులు వేడని ఇంకొకరు, దానిమ్మ రసం రోజూ తాగమని మరొకరు. చెప్పేదంతా అమ్మాయికే. పక్కన కూర్చున్న అబ్బాయి కంచంలో ఏముందో ఎవరూ చూడరు. సగం తప్పు అక్కడే జరుగుతోంది.

ముందు లెక్క చూడండి. వీర్యకణం తయారవడానికి సుమారు 74 రోజులు పడుతుంది. అది పక్వమై బయటికి రావడానికి మరో రెండు వారాలు. అండాలు అమ్మాయికి పుట్టుకతోనే ఉన్నా, విడుదలయ్యే అండం చివరిగా పెరిగి సిద్ధమయ్యేది కూడా దాదాపు ఆఖరి మూడు నెలల్లోనే. సంక్రాంతికి ఎగ్ పికప్, అంటే అండాలను బయటికి తీయడం, అనుకుంటే, ఆ రోజు తీసే అండానికీ, ఇచ్చే వీర్య నమూనాకూ పని దసరా నాటికే మొదలైపోయిందన్నమాట. అండాలు పెరగడానికి ఇచ్చే ఇంజెక్షన్లు మొదలయ్యాక కంచం మార్చుకుంటే ఆలస్యమైనట్టే.

అలాగని తిండి మీద లేనిపోని ఆశ పెట్టుకోవద్దు. అండం గర్భాశయానికి చేరే ట్యూబులు మూసుకుపోతే వాటిని ఏ ఆకుకూరా తెరవదు. వయసును ఏ పండూ వెనక్కి తిప్పదు. 2018లో ఏథెన్స్ నుంచి ఒక పరిశీలన వచ్చింది, అందులో మొదటిసారి ఐవీఎఫ్ చేయించుకున్న 244 మందిని చూశారు. కూరగాయలు, పప్పుధాన్యాలు, ముడిధాన్యాలు, చేపలు, ఆలివ్ నూనెతో కూడిన మధ్యధరా ప్రాంతపు తిండికి బాగా దగ్గరగా తిన్నవారిలో 50 శాతం మందికి గర్భం నిలిచింది. దానికి దూరంగా ఉన్నవారిలో 29 శాతం మందికే. ఈ తేడా ముఖ్యంగా 35 ఏళ్లలోపువారిలో కనిపించింది. ఆ మరుసటి ఏడాది ఇటలీ నుంచి వచ్చిన పరిశీలనలో మాత్రం అలాంటి తేడా తేలలేదు. మంచి తిండి సాయం చేయొచ్చు, హామీ ఇవ్వలేదు. ఇది మనసులో పెట్టుకుని మొదలుపెడదాం.

మొదటి అడుగు: కంచం కంటే ముందు రక్త పరీక్ష

హిమోగ్లోబిన్, ఒంట్లో ఇనుము నిల్వ చెప్పే ఫెరిటిన్, బీ12, విటమిన్ డి, థైరాయిడ్‌కు టీఎస్‌హెచ్, మూడు నెలల షుగర్ సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ. ఇవి చేయించాలా అని డాక్టర్‌ను అడగండి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 57 శాతం మందికి రక్తహీనత ఉంది. ఆంధ్రప్రదేశ్‌, తెలంగాణల్లోనూ పరిస్థితి ఇంతే. మాంసం, గుడ్డు ముట్టనివారిలోనూ, పీసీఓఎస్‌కో (హార్మోన్ల తేడాతో అండం విడుదల గతి తప్పే సమస్య) షుగర్‌కో చాలాకాలంగా మెట్‌ఫార్మిన్ వాడుతున్నవారిలోనూ బీ12 తగ్గే అవకాశం ఎక్కువ. లోటు ఏదో తెలిస్తేనే దానికి మందు. తెలియకుండా నాలుగు రకాల మాత్రలు మింగడం వల్ల పర్సుకు నష్టమే తప్ప ఒంటికి లాభం లేదు.

ఒక్క జాగ్రత్త. జుట్టు ఊడకుండా వేసుకునే మాత్రల్లో బయోటిన్ ఉంటుంది. అది థైరాయిడ్ పరీక్షల ఫలితాలను, కొన్ని హార్మోన్ల ఫలితాలను తారుమారు చేయగలదు. అవి వాడుతుంటే డాక్టర్‌కు ముందే చెప్పండి, ఎన్ని రోజుల ముందు ఆపాలో వాళ్లే చెబుతారు.

రెండో అడుగు: ఫోలిక్ యాసిడ్ ఈ రోజే

ఇది మాత్రం తిండితో సరిపెట్టుకునేది కాదు. బిడ్డ మెదడు, వెన్నుపాము ఏర్పడే నాళం గర్భం ధరించిన 28 రోజులకల్లా మూసుకుపోతుంది. చాలామందికి నెల తప్పిందన్న సంగతి తెలిసేసరికే ఆ పని అయిపోతుంది. అందుకే గర్భానికి కనీసం నెల ముందు, వీలైతే మూడు నెలల ముందు నుంచి రోజుకు 400 మైక్రోగ్రాములు వేసుకోవాలి. ఆకుకూరల్లో ఫోలేట్ ఉంది నిజమే, కానీ ఎక్కువసేపు ఉడికించి నీళ్లు పారబోస్తే అందులో చాలాభాగం పోతుంది.

మన మందుల షాపుల్లో తేలిగ్గా చేతికొచ్చేది 5 మిల్లీగ్రాముల మాత్ర. అంటే మామూలు మోతాదుకు పన్నెండు రెట్లకు పైనే. ఇంతకుముందు వెన్నుపాము లోపంతో బిడ్డ పుట్టినవారికీ, షుగర్ ఉన్నవారికీ, ఫిట్స్ మందులు వాడేవారికీ డాక్టర్లు పెద్ద మోతాదు రాస్తారు. మీకు ఏది కావాలో చీటీ మీద రాయించుకోండి.

మూడో అడుగు: అన్నం తగ్గాలి, కూర పెరగాలి

అసలు పని ఇక్కడుంది. మధ్యధరా తిండి అనగానే ఆలివ్ నూనె, అవకాడో కొనడానికి పరిగెత్తక్కర్లేదు. తోటకూర పప్పు, గోరుచిక్కుడు వేపుడు, పెరుగు, చేపల పులుసు ఉన్న భోజనం ఇప్పటికే దానికి దగ్గరి చుట్టం. చిక్కంతా మధ్యలో ఉన్న తెల్లన్నం గుట్టతోనే. పొద్దున ఇడ్లీ, మధ్యాహ్నం అన్నం, రాత్రి మళ్లీ అన్నం. మూడు పూటలా బియ్యమే. రోజు మొత్తం శక్తిలో ధాన్యాల వాటా 45 శాతం దాటకూడదని హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాల్లో చెప్పింది. మన ఇళ్లలో చాలాచోట్ల ఈ గీత ఎప్పుడో దాటేసి ఉంటాం.

వడ్డించే వరస మార్చి చూడండి. కంచంలో ముందు కూర, ఆకుకూర వడ్డించండి. సగం అవే నిండాలి. పావు భాగంలో ముద్దపప్పో, గుడ్డో, చేపో. మిగిలిన పావులోనే అన్నం, కుదిరితే దంపుడు బియ్యం. రెండోసారి వడ్డించుకోవాలనిపిస్తే కూర వేసుకోండి. నీళ్ల చారును పప్పు లెక్కలో వేసుకోవద్దు, అందులో పప్పు ఎంత ఉంటుందో వండేవారికి తెలుసు.

పొద్దున ఇడ్లీ బదులు వారానికి రెండు మూడు రోజులు పెసరట్టు. రాత్రి జొన్నరొట్టె, ఏదైనా కూర. సాయంత్రం నాలుగింటికి మిరపకాయ బజ్జీ బదులు శనగలో అలసందలో గుగ్గిళ్లు. ఈ మూడు మార్పులతోనే వారంలో పీచు, మాంసకృత్తులు ఎంతో పెరుగుతాయి. చేపలు తినేవారు వారానికి రెండుసార్లు కవ్వలు, కానగంతల్లాంటి చిన్న చేపలు తినండి. చవకే, పైగా ఒమేగా 3 కొవ్వు వాటిలో ఎక్కువ. సొర లాంటి పెద్ద చేపల్లో పాదరసం పేరుకుంటుంది కాబట్టి ఇప్పటికి వదిలేయండి. శాకాహారులకు అవిసె గింజల కారప్పొడి ఉండనే ఉంది, వేడన్నంలో నూనె చుక్క వేసుకుని తినండి. రక్తం పడుతుందని మేక కార్జం పదేపదే పెడుతుంటారు. అందులో విటమిన్ ఏ మరీ ఎక్కువ, గర్భం కోసం చూస్తున్న రోజుల్లో అది మంచిది కాదు. రక్తం కోసం తోటకూర, ఉలవలు, మునగాకు తినండి, వాటితో నిమ్మకాయో జామకాయో ఉసిరో చేర్చండి. టీ మాత్రం భోజనానికి గంట ముందో గంట తర్వాతో. టీలోని టానిన్లు ఇనుమును ఒంటికి పట్టనివ్వవు. టీ, కాఫీ కలిపి రోజుకు రెండు కప్పులు చాలు.

ఇక బొప్పాయి సంగతి. బాగా పండిన బొప్పాయికి భయపడక్కర్లేదు. పచ్చికాయ పాలతో ఎలుకల గర్భాశయం సంకోచించినట్టు ప్రయోగాల్లో తేలింది కాబట్టి పచ్చి బొప్పాయి కూర మానేస్తే చాలు. నువ్వులు మామూలుగా తినండి.

నాలుగో అడుగు: అతని కంచం

పైన చెప్పిన భోజనమే అతనికీ. వేరే వంట అక్కర్లేదు. వీర్యకణాల కోసమని అమ్మే జింకు, ఫోలిక్ యాసిడ్ డబ్బాలను అమెరికాలో 2,370 జంటలతో పరీక్షించారు. 2020లో ఫలితం వచ్చింది. వీర్యం నాణ్యత పెరగలేదు, కాన్పులు పెరగలేదు, కడుపు ఇబ్బందులు మాత్రం పెరిగాయి. ఆ డబ్బుతో పండ్లు కొనండి.

మానాల్సినవి మాత్రం ఖచ్చితంగా మానాలి. సిగరెట్, గుట్కా, ఖైనీ, మద్యం. వీటికంటే గుట్టుగా దెబ్బతీసేది జిమ్‌లో కండల కోసం వేసుకునే టెస్టోస్టిరాన్, స్టెరాయిడ్ ఇంజెక్షన్లు. మగతనం పెంచుతాయనుకుంటారు. కానీ బయటి నుంచి హార్మోన్ వస్తుంటే మెదడు వృషణాలకు సంకేతాలు ఆపేస్తుంది, వీర్యకణాల సంఖ్య సున్నాకు కూడా పడిపోవచ్చు. కోలుకోవడానికి నెలలు పడుతుంది. సిగ్గుపడకుండా డాక్టర్‌కు చెప్పేయండి.

ఐదో అడుగు: బరువు

పీసీఓఎస్ ఉండి బరువు ఎక్కువున్న అమ్మాయి 5 నుంచి 10 శాతం తగ్గినా అండం విడుదల మెరుగుపడే అవకాశం ఉంది. 70 కిలోలుంటే మూడున్నర నుంచి ఏడు కిలోలు. అయితే నెదర్లాండ్స్‌లో ఊబకాయం ఉన్న 577 మందితో చేసిన పరీక్షలో, ముందు ఆరు నెలలు బరువు తగ్గే కార్యక్రమంలో పెట్టి ఆ తర్వాత చికిత్స చేసినందువల్ల ఆరోగ్యకరమైన కాన్పులు పెరగలేదు. చికిత్స లేకుండా సహజంగా గర్భం దాల్చినవారు మాత్రం ఎక్కువయ్యారు. నా అభిప్రాయం సూటిగా చెబుతాను. వయసు ముప్పై లోపైతే బరువుకు సమయం ఇవ్వండి. ముప్పై ఏడు, ముప్పై ఎనిమిది దాటితే బరువు పేరు చెప్పి చికిత్సను వాయిదా వేయకండి. ఏ వయసులోనైనా పస్తులుండి తగ్గొద్దు.

ఆరో అడుగు: ఇంజెక్షన్ల రోజుల్లో, ఆ తర్వాత

సంతానం కోసమే ఉపవాసాలుండే ఇళ్లు మనవి. మొక్కు మొక్కే. కానీ ఇంజెక్షన్లు నడుస్తున్న రోజుల్లో కటిక ఉపవాసం వద్దు. పాలు, పండ్లతో సరిపెట్టుకోండి, లేదా కార్తీక సోమవారాన్ని వచ్చే ఏటికి వాయిదా వేసుకోండి. ఎగ్ పికప్‌కు మత్తు ఇస్తారు కాబట్టి ఆ రోజు మాత్రం ఎన్ని గంటల నుంచి ఏమీ తినకూడదో, తాగకూడదో ఆసుపత్రివాళ్లు చెప్పినట్టే ఖచ్చితంగా పాటించాలి.

ఆ తర్వాత పొట్ట ఉబ్బరంగా ఉంటుంది. ఉప్పేసిన మజ్జిగ, కొబ్బరినీళ్లు, గుడ్లు, పప్పు కొద్దికొద్దిగా తీసుకోండి. రోజురోజుకూ బరువు పెరుగుతున్నా, ఆయాసం వచ్చినా, మూత్రం తగ్గినా చిట్కాలు పక్కనపెట్టి వెంటనే ఆసుపత్రికి ఫోన్ చేయండి. పిండాన్ని గర్భాశయంలో ప్రవేశపెట్టాక అనాసపండు తింటే నిలుస్తుందన్న మాటకు ఆధారం లేదు. మంచం దిగకుండా పడుకోవడం వల్ల కూడా లాభం లేదు. గర్భం నిలవడానికి ఇచ్చే ప్రొజెస్టిరాన్ హార్మోన్ మలబద్ధకం తెస్తుంది, నీళ్లు, ఆకుకూరలు తగ్గించకండి.

పరీక్షలో గర్భం నిలిచిందని తేలితే ఫోలిక్ యాసిడ్‌ను 12 వారాల వరకు కొనసాగించాలి. నిలవలేదని తేలితే, ఆ అమ్మాయిని "ఏం తిన్నావ్?" అని అడగకండి. పిండం నిలవకపోవడానికి చాలాసార్లు కారణం క్రోమోజోముల లోపమే, ఆమె తిన్న ముద్ద కాదు. ఆ రాత్రి భోజనం ఇద్దరూ కలిసి చేయండి. ఫోలిక్ యాసిడ్ ఆపకండి, మళ్లీ ప్రయత్నించే రోజుకు అది అవసరమవుతుంది.