సేద్యం సాగుతుండగా ఇల్లు కట్టుకునే రైతు కుటుంబాలకు కొన్ని జాగ్రత్తలు

అనంతపురం జిల్లాలో రెండు మూడు ఎకరాల సేద్యంతో బతికే కుటుంబం కొత్త ఇల్లు తలపెట్టిందంటే, ఆ ఇంటికి కావలసిన నీళ్లు పంటను తడిపే బోరులోంచే రావాలి, కావలసిన మనుషులు కలుపు తీసే మనుషుల్లోంచే రావాలి. అందుచేత ఇటుక, ఇసుక, సిమెంటు ధరలు విచారించడానికి ముందే ఏ నెలలో ఏ పని చేయాలో ఇంటిల్లిపాదీ కూర్చుని నిర్ణయించుకోవడం అవసరం. ఇంటి ఖర్చును గురించి అడిగినంత శ్రద్ధగా కాలాన్ని గురించి అడిగేవారు తక్కువగా కనిపిస్తారు. నష్టం ఎక్కువగా అక్కడే మొదలవుతుందని నా నమ్మకం.

మన ప్రాంతంలో వర్షాధార వేరుశనగ జూన్, జూలై నెలల పదును (విత్తడానికి సరిపడే నేల తడి) మీద ఆధారపడి ఉంటుంది. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే కురిసే నేలలో ఒక మంచి పదును దొరికిన రెండు మూడు రోజుల్లోనే విత్తనం పడాలి. ఆ రోజుల్లోనే స్లాబుకు కూలీలను పిలిచి ఉంటే రెండింటిలో ఒకటి చెడుతుంది. ఆషాఢంలో ఎలాగూ ఇంటి పనులకు ముహూర్తాలు ఉండవు కాబట్టి ఆ నెలతో చిక్కు లేదు. చిక్కంతా శ్రావణంతోనే. ముహూర్తం బాగుందని శ్రావణంలో పునాది తవ్వించేవారు చాలామంది ఉన్నారు కానీ, అప్పటికి వేరుశనగ పూతలోకి వచ్చి ఊడలు దిగుతూ ఉంటుంది, కలుపు తీయడానికి, తెగుళ్లు చూసుకోవడానికి మనిషి రోజూ చేనిలో ఉండాల్సిన సమయం అది. పంట పీకి, కల్లం పని ముగించి, కట్టెను (కాయలు తీసిన మొక్కలను) వామి వేసుకున్న తర్వాత ఇంటి పని మొదలుపెట్టడం అన్నివిధాలా మేలు. కార్తీకంలో శంకుస్థాపన చేసుకుని, ధనుర్మాసం లోపే పునాది పని నడిచేటట్లు చూసుకుంటే సంక్రాంతి తర్వాత గోడలు, మాఘ ఫాల్గుణాల్లో స్లాబు పూర్తి చేసుకోవచ్చు.

అయితే కార్తీక మాసం బంగాళాఖాతంలో వాయుగుండాలు పుట్టే కాలం కూడా. 2021 నవంబరులో కడప జిల్లాలో అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి చెయ్యేరు నది ఊళ్ల మీద పడినప్పుడు ఏటి ఒడ్డున ఉన్న ఇళ్లు, పొలాలు కొట్టుకుపోయాయి. ఏళ్ల తరబడి ఎండిపోయి ఉన్న వంక (వాగు) అయినా సరే, దాని పక్కన ఇల్లు కట్టాలనుకునేవారు ఆ వంక ఎంతవరకు పొంగిందో ఊరి పెద్దలను అడిగి, ఆ గుర్తుకన్నా ఎత్తున పునాది మట్టం పెట్టుకోవాలి; స్థలం మార్చే వీలుంటే మార్చడమే ఉత్తమం. పూజ కార్తీకంలో జరిగినా, వాయుగుండం హెచ్చరిక ఉన్న వారంలో గుంతలు తవ్వించకూడదు. నీళ్లు నిండిన గుంతల అంచులు లోపలికి కూలుతాయి, అడుగున మట్టి మెత్తబడుతుంది, ఆ మెత్తని మట్టిని తొలగించి మళ్లీ తవ్వితే తప్ప కాంక్రీటు వేయడానికి వీలుండదు.

నేలను గురించి ఒక మాట. ఎర్రనేలలో గట్టి మొరం త్వరగా తగులుతుంది. తాడిపత్రి, ఉరవకొండ వైపు ఉండే నల్లరేగడి మాత్రం తడిస్తే ఉబ్బి, ఎండితే బీటలు వారి, ఏటా గోడలను కదిలిస్తూ ఉంటుంది. అటువంటి చోట పక్కింటివారు తవ్విన లోతును చూసి సరిపెట్టుకోకుండా, ఒక పరీక్ష గుంత తీయించి, ఇంజనీరుకు చూపించి పునాది రకాన్ని నిర్ణయించుకోవాలి. ఇల్లు చేనిలోనే కడుతున్నవారు గోడ పక్కనే కాలువ గాని, కూరగాయల మడులు గాని పెట్టకూడదు. మడిలో పారే నీరు ఒకవైపు నేలను ఉబ్బిస్తే, మరోవైపు ఎండిన నేల కుంగుతుంది, గోడ ఆ రెండింటి మధ్య పగులుతుంది. పునాదిలో చెదల మందు కొట్టించేటప్పుడు తాగునీటి బోరు ఎంత దూరంలో ఉందో తప్పక చూసుకోవాలి.

ఇక నీళ్ల సంగతి. నీళ్ల దగ్గర జరిగే పొరపాటును తర్వాత ఎంత ఖర్చు పెట్టినా దిద్దలేము. ఎం20 అనే బలం గ్రేడు కాంక్రీటుకు 50 కిలోల సిమెంటు బస్తాకు 30 లీటర్లకు మించి నీరు పోయకూడదని భారత ప్రమాణం చెబుతుంది. పని సులువుగా జరగాలని బేల్దారులు (తాపీ పనివారు) ఎక్కువ నీరు కలిపితే కాంక్రీటు బలం తగ్గిపోతుంది. కలిపేటప్పుడు నీరు తక్కువగా ఉండాలి, గట్టిపడిన తర్వాత పుష్కలంగా అందాలి. సాధారణ సిమెంటుకు కనీసం 7 రోజులు, మనకు ఇప్పుడు ఎక్కువగా దొరికే పీపీసీ (పోజోలానా కలిపిన) సిమెంటుకు కనీసం 10 రోజులు తడి ఆరకుండా చూడాలి. ఎండ, పొడిగాలి ఎక్కువగా ఉన్నప్పుడు 14 రోజులు పట్టించడం మంచిది. వెయ్యి చదరపు అడుగుల స్లాబు మీద రెండు అంగుళాల నీరు ఒక్కసారి నిలపడానికే సుమారు 4,700 లీటర్లు, అంటే దాదాపు ఒక ట్యాంకరు నీరు కావాలి. ఎండకు ఆవిరైన మేరకు ప్రతిరోజూ మళ్లీ నింపాలి. ఈ లెక్కను ఏప్రిల్, మే నెలలకు వేసి చూస్తే, చీనీ (బత్తాయి) తోట ఉన్న కుటుంబం పరిస్థితి ఎంత కష్టమో అర్థమవుతుంది. నీటి మట్టం అడుగంటిన బోరులోంచి స్లాబుకు పట్టిన ప్రతి గంట చెట్లకు తగ్గిన గంటే అవుతుంది. ఒక వేసవిలో ఎండిన చీనీ చెట్టును మళ్లీ కాపుకు తెచ్చుకోవాలంటే ఏళ్లు పడుతుంది. కాబట్టి ఫాల్గుణం దాటేలోగా స్లాబు వేయలేకపోతే, తోట ఉన్నవారు దాన్ని మరుసటి శీతాకాలానికి వాయిదా వేసుకోవడమే మంచిదని గట్టిగా చెబుతాను. వేసవిలో తప్పదనుకుంటే తెల్లవారుజామునే కాంక్రీటు మొదలుపెట్టి ఎండ ముదిరేలోగా ముగించాలి, గోనెసంచులు పరిచి తడుపుతూ ఉండాలి. బోరు నీరు ఉప్పగా ఉన్న ఊళ్లలో ఆ నీటిని ముందుగా పరీక్ష చేయించాలి, ఎందుకంటే క్లోరైడు ఎక్కువగా ఉన్న నీరు లోపలి ఇనుమును తుప్పు పట్టిస్తుంది.

స్లాబు వేసిన తర్వాత సెంట్రింగ్ వాళ్లు మరో ఊరి పనికి పోవాలని తొందరపెడతారు. ఆనుడు గోడల మధ్య దూరం నాలుగున్నర మీటర్ల లోపు ఉన్న స్లాబు కింద పోట్లు (ఆసరా కర్రలు) కనీసం 7 రోజులు, అంతకన్నా వెడల్పున్న గదుల్లో 14 రోజులు, ఆరు మీటర్ల లోపు దూలాల కింద 14 రోజులు ఉంచాలి. పీపీసీ వాడినప్పుడు ఇంకొన్ని రోజులు పెంచుకోవాలి.

వ్యవసాయ కనెక్షన్ మీద వచ్చే ఉచిత విద్యుత్తు సాగు కోసం ఇచ్చినది కాబట్టి, నిర్మాణానికి తాత్కాలిక కనెక్షన్ విడిగా తీసుకోవాలి. మోటారు స్టార్టరు నుంచి తీగలు లాగి కాంక్రీటు కలిపే మిల్లరు యంత్రానికి కలపడం ప్రాణాల మీదికి తెచ్చుకోవడమే. చేలమీదుగా పోయే 11 కేవీ (11 వేల వోల్టుల) కరెంటు లైనుకు ఇంటి కప్పు నుంచి నిలువుగా 3.7 మీటర్లు, గోడ నుంచి పక్కకు 1.2 మీటర్లు తక్కువ కాకుండా ఎడం ఉండాలి. ఇంటికి ఎడం సరిపోయినంత మాత్రాన పని చేసే మనిషికి సరిపోదు. నలభై అడుగుల కడ్డీని పైకి ఎత్తేటప్పుడు దాని కొన ఎక్కడికి పోతుందో ఎత్తేవారికి కనిపించదు. లైను దగ్గరగా ఉంటే ఆ రోజుకు సరఫరా నిలిపివేయమని లైన్‌మన్‌ను అడగాలి.

తవ్విన గుంతల చుట్టూ ముళ్లకంప వేసి పిల్లలు, పశువులు పడకుండా చూడాలి. ఇటుకల కుప్పలోనూ సెంట్రింగ్ చెక్కల కిందా పాములు, తేళ్లు చేరతాయి కాబట్టి చేయి పెట్టే ముందు కర్రతో కదపాలి. పాము కరిస్తే కట్లు కట్టి మంత్రాలతో కాలయాపన చేయకుండా 108కి ఫోన్ చేసి ఆసుపత్రికి తీసుకుపోవాలి.

గోడలు లేచిన గదుల్లో వేరుశనగ కాయలు పోసుకోవాలనే ఆలోచన చాలామందికి వస్తుంది. ప్లాస్టరింగు ఆరని గదిలో తేమ నెలల తరబడి ఉంటుంది, ఆ తేమకు కాయల్లో బూజు పట్టి అఫ్లాటాక్సిన్ అనే విషం పుడుతుంది. కాయల తేమ 9 శాతం లోపుకు ఆరిన తర్వాత పాత ఇంట్లోనో, పొడి కొట్టంలోనో నిల్వ చేయాలి. పొటాష్ ఎరువులో క్లోరైడు ఉంటుంది గనుక ఆ బస్తాలను కడ్డీల దగ్గర పెట్టకూడదు.

పంట రుణాన్ని ఇంటికి వాడటం మన పల్లెల్లో మామూలైపోయింది. కిసాన్ క్రెడిట్ కార్డు మీద 3 లక్షల లోపు పంట రుణానికి 7 శాతం వడ్డీ ఉండగా, గడువులోగా కట్టినవారికి 3 శాతం తగ్గుతుంది. ఇంట్లో పెట్టిన డబ్బు గడువు నాటికి తిరిగి రాదు కనుక ఆ తగ్గింపు పోవడమే కాక, మరుసటి పదునుకు విత్తనం కొనడానికి అప్పు కూడా పుట్టదు. విత్తనానికి, ఎరువుకు, దుక్కికి కావలసిన మొత్తాన్ని ముందే విడిగా పెట్టి, ఇంటి లెక్కలో కలపకుండా ఉంచాలి. మేస్త్రీతో ఒప్పందం నోటిమాటగా వదలక, పునాది, గోడలు, స్లాబు, ప్లాస్టరింగు అనే దశలవారీగా ఎంత చెల్లించాలో కాగితం మీద రాసుకోవాలి. విత్తే వారంలో కాంక్రీటు పని పెట్టకూడదని, అలా ఆగినందుకు అదనపు కూలి అడగకూడదని ఆ కాగితంలోనే చేర్చి ఇద్దరూ సంతకాలు చేయాలి.